స్వభావం అనే గడి

ఎనుమాముల యార్డుల మిర్చి ఘాటుకు
నేను తుమ్మిన, అది తుమ్మలే.
అలవాటైన ముక్కు, అని రాసుకున్న ముందుగాల.

పెదవి ఎత్తి చూస్తే
ముందటి పండ్లు అరిగి చిగురుకు సమానమైనయ్,
ఒక కోర సగమే ఉన్నది.
పదేండ్లా, పన్నెండా?
"మూడో షెడ్డు కాలిన ఏడు కండ్లు తెరిచింది బిడ్డా"
అన్నడు హమాలీ కొమురెల్లి.
ఆయన భుజమూ దీని మోచేతులూ
ఒక్కతీరే కాయలు కాసినయ్.

కండ్లల్ల నీలిపొర. చెవి అంచున పాత కాటు.
తొడ కాడ ఒత్తితే మూలిగింది, కరవలే.
గుండె మీద స్టెతస్కోపు పెట్టి
కాంటా మీద బస్తాల చప్పుడు ఆగేదాక ఆగిన:
రెండుసార్లు కొట్టుకుంటది, మూడోది మింగుతది.

ఇగ స్వభావం.
తింటుంటే గిన్నె గుంజిన.
గుర్రుమనలే. జరంత పక్కకు జరిగి కూసోని
రోడ్డు దిక్కు చూసింది,
గుంజుకునుడు రోజూ ఉండేదే అన్నట్టు.
"సాధువు" అని రాసి, కొట్టేసిన.
అది సాధుతనం కాదు.
ఇంకేం రాయాల్నో తెల్వక గడి ఖాళీగ ఇడిచిన.

ఫాతిమానగర్ నుంచి ఫ్లోరమ్మ వచ్చింది,
దవాఖాన నర్సు, నైట్ డ్యూటీ కండ్లు.
పండ్ల సంగతి అడగలే, గుండె సంగతి అడగలే.
"పగటీలి పండుకుంట నేను. మొరుగుతదా?"
"ఎవలన్నొస్తేనే," అన్నడు కొమురెల్లి.
"మా ఇంటికెవలొస్తరు," అని నవ్వి
కింద కూసుని ఉత్త చెయ్యి చాపింది.

చానాసేపు ఆలోచించి
దగ్గరికొచ్చి
ఆ అరచేతి డెట్టాల్ వాసనకు
తుమ్మింది ముసల్ది.