రెండొందల గ్రాములు

సొహార్ రేవులో తొమ్మిది రోజులు
కాటాలకు నిజం చెప్పడం నేర్పాను.
ఇనుప గుళ్లు ఎత్తీ దించీ
సాయంత్రానికి చేతులు నావి కావు.

అయినా,
గేటు బయట కుంజుమోన్ కొట్లో
యాలకుల కరక్ చాయ్,
కాగితం కప్పు అంచు మెత్తబడేదాకా.
గదిలో ఏసీ ఆపేస్తే
గభాల్న వినపడ్డ సముద్రం.
ఎవరూ తలుపు తట్టని శుక్రవారం,
పదకొండింటిదాకా నిద్ర.
డ్రైవరు సాలిం తన డబ్బాలోంచి
మాటా పలుకూ లేకుండా
నా వైపు జరిపిన మూడు ఖర్జూరాలు.
గింజలెక్కడ పారేయాలో తెలీక
జేబులో వేసుకున్నాను.

మస్కట్‌లో నా పెట్టె
ముప్పై కిలోల రెండొందల గ్రాములు.
"మీ కాటా రెండొందలు ఎక్కువ చూపిస్తోందమ్మా,
నా పనే అది" అన్నాను.
ఆ పిల్ల నా గోళ్లలో గ్రీజు చూసి
నవ్వి, చీటీ అంటించింది.
కాటా సరిగ్గానే ఉంది, పాపం.
ఇరవై ఏళ్ల కొలువులో
దాని మీద నేను వేసిన మొదటి నింద.

విమానంలో పక్క సీటు ఖాళీ.
బూట్లు విప్పేశాను.
ఉప్మా వేడిగా ఉంది, ఉప్పు తక్కువ,
ఇంకోటి అడిగితే ఇచ్చారు కూడా.

పెన్ను కోసం జేబులో చెయ్యి పెడితే
మూడు గింజలు.
అరచేతిలో పోసి ఎగరేసి చూశాను.
మూడు గ్రాములుంటాయా?
ఏమో,
ఇక్కడ కాటా లేదుగా.