ఎనిమిదో ప్రశ్న

నా సంచిలో ఇరవై ప్రశ్నలున్నాయి.
ఒక్కో ప్రశ్నకీ ఐదు గళ్ళు.
ఒకటంటే అస్సలు ఒప్పుకోను,
ఐదంటే పూర్తిగా ఒప్పుకుంటాను.
ఆ మధ్యలో ఎక్కడో మనిషి దొరుకుతాడని
మా గైడు గారి నమ్మకం.

పెద్దాసుపత్రి, సర్జరీ వార్డు, మే నెల.
బీచి నుంచి డౌనెక్కి వచ్చిన ఉప్పుగాలి
ఫినాయిల్ వాసన దగ్గర ఆగి
లోపలికి రావాలా వద్దా అని
తలుపుని ఊరికే ఆడిస్తోంది.

పదకొండో మంచం. సాలాపు దాలినాయుడు.
స్టీలుప్లాంటులో క్రేను తోలతాడు. పేగు మెలిక పడితే కోశారు.
ప్రశ్న పూర్తి కాకుండానే ఐదు. మళ్ళీ ఐదు.
అన్నిటికీ ఐదే.
"నూటికి నూరు కదా మేడం,
మరి రేపు డిశ్చార్జి రాసెత్తారా?"

రాత్రి డ్యూటీ సిస్టరు చెప్పింది,
గోడవైపు తిరిగి, దుప్పటి కొస నోట్లో కుక్కుకుని ఏడుస్తాడట.
నొప్పికి కాదట.
కరిగిన ఇనుముని గాల్లో నిలబెట్టిన చెయ్యి
మంచినీళ్ళ గ్లాసుని నిలబెట్టలేకపోయిందని.

టోటల్ దగ్గర వంద వేశాను.
వేరే గడి లేదు.

పక్క వార్డు, కిటికీ మంచం.
వాసుపల్లి కాసులమ్మ. జాలారిపేట.
పిత్తాశయంలో రాళ్ళు తీసి
చిన్న సీసాలో వేసిచ్చారు.
దిండు పక్కనే పెట్టుకుంది,
తూకం తేలాల్సిన సరుకులాగా.

"రేపు ఈరోజుకన్నా బాగుంటుంది?"
"ఎవులు సూసొచ్చారు? ఒకటి ఎయ్యి."
"కష్టంలోనూ మంచిని చూస్తాను?"
"కష్టంలో కష్టమే అవుపడతాది. ఒకటి."

ఎనిమిదో ప్రశ్న:
భవిష్యత్తు పట్ల నాకు ఆశాభావం ఉంది.
"ఆశాబావం అంటే ఏటమ్మా?"
మంచి జరుగుతుందని అనుకోవడం, అన్నాను.
"ఎవులికి?"

కాగితం తిరగేసి చూశాను.
ఎవరికో రాసిలేదు.

మొత్తం ఇరవై ఆరు. నూటికి.
"ఈమె కుంగిపోయి ఉంది" అని
మార్జిన్లో పెన్సిలుతో రాసుకున్నాను.

మూడోరోజుకే ఆమె లేచింది.
పొట్టలోంచి వేలాడే గొట్టం సంచిని
చిల్లరసంచిలా నడుముకి దోపుకుని
వరండా చివరిదాకా నడిచి, వెనక్కి నడిచి,
కనిపించిన ప్రతివాళ్ళనీ ఒకటే అడిగేది:
"ఇయ్యాల ఎన్నో తారీకు?"

జూన్ పద్నాలుగు దాకా వేట నిషేధం.
అర్ధరాత్రి పడవలు వదుల్తారు.
ఆమె లెక్క అదీ.
కోడలు జావ తెస్తే తాగకముందే అనేది,
"నా గంప ఎవులికీ ఇచ్చీకు.
షెడ్డుకాడ నా సోటులో ఎవుల్నీ కూకోనీకు."

నేను పెన్సిలు గీత చెరిపేశాను.
చెరిపిన మాటే మార్జిన్లో ఎక్కువ కనిపించింది.

గైడు గారికి చూపించాను.
"మాటలు లెక్కకి రావమ్మా, అంకె తీసుకురా.
ఇరవై ఆరూ, వందా రెండూ దారితప్పినవి. తీసేస్తే
సగటు చక్కగా వస్తుంది."

సగటు చక్కగానే వచ్చింది.
అందులో ఎవరూ లేరు.

ఆరు వారాల తర్వాత రెండోసారి కొలవాలి కదా,
జూన్ పదిహేను, ఇంకా చీకటుండగానే
ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను.
ఐసు ముక్కల మీద కాళ్ళు జారుతున్నాయి.
ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ మీద దీపం
ఒక్కసారి మమ్మల్ని చూసి, అటు తిరిగింది.

కాసులమ్మ ప్లాస్టిక్ కుర్చీలో ఉంది.
బరువెత్తకూడదన్నారు, కోడలు ఎత్తుతోంది.
ఈమె అరుస్తోంది.
పొట్టమీద అరచెయ్యి అదిమిపెట్టుకుని,
కుట్లు పట్టినచోటే, అక్కణ్ణించే అరుస్తోంది
కోనాం రేటు.

"మల్లీ ఆ కాయితమేనా?"
ఇంకా నొప్పుందా అమ్మా?
"నేకేటి."
మరి ఎనిమిదో ప్రశ్న...
"నీకేది బాగుంటే అది రాసీ.
ముందు అడ్డు లెగు, బేరం పోతంది!"

జరిగాను.
ఎవరో గంప దులిపారు.
కాగితం తడిసింది.
ఇంటికొచ్చి ఆరబెడితే
ఎనిమిదో వరసలో ఒక పొలుసు అతుక్కుని ఉంది,
మూడుకీ నాలుగుకీ కాస్త అటూ ఇటూగా.

గోటితో గీకబోయి మానేశాను.
అలాగే ఫైల్లో పెట్టాను.
ఇప్పటికీ ఆ కట్ట తెరిస్తే
గదంతా నీచువాసన.