తేదీ తిప్పిన బొటనవేలు

రాత్రి పన్నెండు దాటంగనే
ముద్ర కింది రబ్బరు చక్రాన్ని
బొటనవేలితో ఒక పన్ను ముందుకు జరిపేటోణ్ని.
శంషాబాదుల నాకు అట్ల దినం మారేది.
రిటైరై నాలుగేండ్లు. పాలమూరుల, క్లాక్ టవర్ వెనక గల్లీల
ఇప్పుడు గూడ ఆ యాళ్లకే మెలకువొస్తది.
వేలు దుప్పటి అంచును తిప్పుతుంటది.

మస్కట్ విమానం రెండూ పదికి.
మావోళ్లంతా ఆ లైన్లనే.
మక్తల్, కోస్గి, నారాయణపేట, దేవరకొండ.
పాస్‌పోర్టు తెరవకముందే చెప్పేటోణ్ని:
కొత్త చెప్పులు కరుస్తున్న నడక,
బ్యాగుకు చుట్టిన ఎర్రతాడు,
యాడికంటే ఊరు పేరు మరిచి
ఏజెంటు పేరు చెప్పే భయం.
నా యాస పట్టి ఒక పిలగాడు అడిగిండు,
"మీదే ఊరు సారూ?"
కెమెరా దిక్కు చూడు, అన్న.
కోయిలకొండ అని చెప్తే నాదేం పోయేది?

పక్క కౌంటర్ తస్నీమ్‌ది.
ముద్ర రెండుసార్లు కొట్టేది ఆమె.
ముందు చిత్తు కాయిదం మీద మెల్లగ,
తర్వాత పాస్‌పోర్టు మీద గట్టిగ.
నడుమ అద్దమున్నా
ఆమె అలసట నాకు ఇనొచ్చేది.
నాలుగింటికి, లైన్ తెగినంక,
జడ్చర్ల నుంచి తెచ్చిన జొన్నరొట్టె, పుంటికూర తొక్కు
ఫైలు మీద పెట్టి ఇటు జరిపేది.
ఏడాదిన్నర తిన్న.
ఆ ఏడాదిన్నరల ఆమె ముందర
నోరు తెరిచింది తినడానికే.

నౌకరి ఇడిసిపెట్టిన మార్చిల
నా లైన్ల నిలబడ్డది.
పక్క లైన్ ఖాళీగనే ఉండె.
చేతులకు మెహందీ. జెద్దా టికెట్.
రూలు ప్రకారం అడగాలె,
"ప్రయాణం దేనికి?"
వెనకున్నోళ్లు దగ్గేంత సేపు ఆగింది.
"మీరే రాసుకోండి," అన్నది.
పెండ్లి, అని రాసిన.
ముందుగాల చిత్తు కాయిదం మీద కొట్టి చూసిన ఆ ముద్ర
పర్సుల ఉన్నది. తేదీ అలుక్కపోయింది.

ఇది ఎవ్వరికీ చెప్పలే.
కానీ చెప్పాల్సింది ఇది కాదు.

కేతావత్ జమ్కు.
ఇరవై ఆరేండ్లు, విజిట్ వీసా.
చుట్టాలింటికి, అన్నది.
చుట్టం పేరు అరచేతిల రాసుకున్నది, చెమటకు కరిగింది.
ముప్పై నిండని ఆడమనిషిని ఇంటిపనికి పోనియ్యొద్దు.
ఆపిన. సరైన పనే.
పొద్దుగాల లేస్తే ఇప్పటికీ సరైన పనే అనిపిస్తది.
రాత్రిపూట ఆమె గొంతు:
"లక్షా ఇరవై అప్పు తెచ్చిన సారూ.
ఈడికెల్లి తండకు బస్సెక్కుదామన్నా పైసల్లేవు."
అప్పటికే ఎర్ర ముద్ర కొట్టిన.
బస్సు కిరాయి ఇయ్యాలని రూల్సుల లేదు.
ఇయ్యొద్దని గూడ లేకుండె.

మొన్న దసరా ముందర
బాలానగర్ దగ్గర, హైవే పక్క
సీతాఫలాల గంప వెనక ఆమె.
మొఖాలు గుర్తుపట్టుడే కద నేను నేర్చింది.
తల వంచుకొని కండ్లు విచ్చిన కాయలు ఏరుతుంటే
"పైకి చూడు సారూ," అన్నది.
చూసిన.
నా అర నిమిషం ఎంతసేపో అప్పుడు తెలిసింది,
ఆమె చూస్తుంటే.
ఏమీ అనలే. పండ్లు లెక్కబెట్టింది.
డజనుకు పన్నెండే. కొసరెయ్యలే.
రెండొందల నోటుకు ఎనభై తిరిగిచ్చి,
"బస్సుకున్నయా?" అన్నది.

కారు అవతల చింతచెట్టు కింద ఉన్నది.
ఉన్నయమ్మా, అన్న.
సంచి పట్టుకొని స్టేజీ కాడ నిలబడ్డ.
రెండు బస్సులు పోయినయి.
మూడోది ఆగితే
ఎక్కిన.