పత్తా

షార్జా, ఇండస్ట్రియల్ ఏరియా పది.
టైర్ల గోదాముకు, చేపల కోల్డ్ స్టోరేజీకి నడుమ
మా అచ్చాఫీసు.
బిర్యానీ డబ్బాల మూతలు, బెడ్‌స్పేస్ కాయిదాలు,
రంజాన్ వస్తే తగ్గింపు ధరల పాంప్లెట్లు.

ఆ బేస్తారం సినిమావాళ్ళు వచ్చిన్రు.
ఆర్ట్ డైరెక్టరమ్మ పేరు మిరే, బేరూతు మనిషి,
గోళ్ళ కింద ఎప్పుడూ ఏదో ఒక రంగు.
జోస్యం చెప్పే పత్తాలు కావాలన్నది.
డెబ్బై ఎనిమిది.
నూరేండ్ల పాతవి.
ఐతారం కల్లా.

కోరుట్లల గోడల మీద సిమెంటు పేర్లు రాసిన చెయ్యి నాది,
ఒక్క కుంచెతోనే మూడు పార్టీల గుర్తులు ఏసిన చెయ్యి.
సూర్యునికి మూతి పెట్టుమన్నది, పెట్టిన.
చంద్రునికి దిగులు పెట్టుమన్నది, అదీ పెట్టిన.
ఒంటికాలి మీద తలకిందులుగ యాలాడే మనిషికాడ మాత్రం
మా గంగనర్సు యాదికొచ్చిండు,
తాడుకు యాలాడుకుంట ముప్పయ్యో అంతస్తు అద్దాలు తుడిచేటోడు.
"బాధ పెట్టకు, వాడు ఆలోచిస్తున్నడు" అన్నది మిరే.
నిజమే.
అప్పుడు గంగనర్సు ఆలోచించేది అన్నం గురించి.

కాయిదాలను సులేమానీ చాయ్‌ల ముంచినం,
ఏసీ కంప్రెసర్ ఎనక వేడిగాలికి ఆరేసినం.
ఒక్క పూటల నూరేండ్లు.
మూలలకు గరుకు కాయిదం రుద్దుకుంట
పెషావర్ గుల్జమాన్ నవ్విండు:
"నా మొకానికి పదకొండేండ్లు పట్టింది భాయ్."

తర్వాత తెలిసింది,
కెమెరా చూసేటివి తొమ్మిదేనట.
మిగిలినవాటికి వీపు చాలు, మొకం అక్కరలేదు.
కూలుతున్న బురుజు మాత్రం ఇంకో నలభై కావాలె:
ఎట్ల కలిపినా, ఎక్కడ తీసినా
హీరోయిన్ చేతికి అదే రావాలె.
మరి ఆమె ఎంచుకునేదేముంది, అని అడిగిన.
"ఎంచుకున్నట్టు చెయ్యాలె. అందుకే ఆమెకు పైసలు."

జగిత్యాల బస్టాండు ఎదురుంగ, మేడ మీద,
ఏజెంటు నా ముంగట మూడు వీసాలు పరిచిండు ఒకప్పుడు.
నీ ఇష్టం, నువ్వే తియ్యి అన్నడు.
తీసిన.
శానాసేపు ఆలోచించి తీసిన.

ఆరని పత్తాలను రూముకు తెచ్చిన ఆ రాత్రి.
ఎనిమిది మంచాలు, ఒక్క ఫ్యాను.
"చిలక జోస్యమా? చిలకేది మరి?" అన్నడు భూమేశ్.
నేనే అన్న.
వడ్లగింజ లేదుగని
ఖుబ్బూసు తుంట తుంచి నా నోట్లె పెట్టిండు.
నవ్వులు.
భూమేశుకు సూర్యుడొచ్చిండు: ఎండల డ్యూటీ ఖాయమన్నరు అందరు.
గంగనర్సుకు గంగనర్సే వచ్చిండు.
మీసం తప్పేసినవని లొల్లి పెట్టిండు.

లస్మయ్య ఎప్పుడూ కలవడు ఇసొంటి వాటిల.
పై మంచం మీదికెల్లి దిగొచ్చి
కండ్లు మూసుకొని ఒకటి తీసిండు.
వాని తమ్ముడు కంపెనీల కెల్లి పోయి రెండేండ్లు,
అల్ ఐన్ల ఉన్నడని ఒకడు, ఒమాన్ దాటిండని ఇంకొకడు,
పాసుపోర్టు మాత్రం సేటు సొరుగుల.

తిప్పిండు. వీపు మీద నీలం చుక్కలు
పొద్దుగాల నేనే ఏసినవి.
ఇటు తెల్లగ. ఏమీ లేదు.
చాయ్ మరక ఒకటి, అంతే.

"ఏమొచ్చింది?"
రూము మొత్తం నా దిక్కు చూసింది.
చిలకకు ఇసొంటి పత్తా ఎన్నడూ రాలేదు.
"ఇంకా ఎయ్యలే" అన్న.

లస్మయ్య దాన్ని లేబర్ కార్డు కవర్ల పెట్టుకొని
మంచమెక్కిండు.

మ్లీహా ఇసుకల షూటింగు. పదిహేడు టేకులు.
పదిహేడుసార్లు బురుజే వచ్చింది ఆమెకు,
పదిహేడుసార్లు ఉలిక్కిపడ్డది.
నేనైతే నాలుగోసారి దాక నమ్మిన.

పొద్దుగూకినంక మిరే డబ్బా ముంగటేసుకొని లెక్కబెట్టింది.
డెబ్బై ఏడు.
మల్ల లెక్కబెట్టింది.
"ఒకటేది?"

పత్తా లేదు మేడం, అన్న
తెలుగులనే.