తనె కత్తెర

రేపు పొద్దున్నే రాకెట్ లేస్తుంది.
తనెగషిమ దీవి దక్షిణపు కొసన
పడవలన్నీ ఒడ్డుకి కట్టేశారు.
చెరకు తోటల మీద గాలి తగ్గలేదు గానీ
వాయిదా వేయరట.

నా పని గడియారాలతో.
ఉపగ్రహంలో కూర్చుని పైకెళ్లే గడియారం
ఇక్కడి దానికన్నా పిసరంత ముందు నడుస్తుంది.
అందుకని నేల మీదుండగానే
దాన్ని కాస్త మందగించేలా సవరించి పంపుతాం.
తప్పు జరగకముందే సవరణ!
ఈ మాట సయోకో దగ్గర ఒకసారి గొప్పగా చెప్పి
నాలుక కరుచుకున్నాను.

సయోకో నా చెల్లెలు.
ఒకే కాన్పు, పద్నాలుగు నిమిషాలు చిన్నది.
పదమూడో ఏట నేను సాగాను, తను ఆగిపోయింది.
ఇరవై రెండుకి తల నెరిసింది.
గొంతు సన్నబడి దారప్పోగులా తేలింది.
ముప్పై ఒకటికి రెండు కళ్లలోనూ శుక్లాలు.
మడమ మీది పుండు ఏ కాలంలోనూ మానదు.
కగోషిమాలో డాక్టరు జబ్బు పేరు కాగితం మీద రాసిచ్చి
జన్యువులో ఒక అచ్చుతప్పు, అన్నాడు.
అచ్చుతప్పయితే దిద్దొచ్చు కదా
అనుకున్నాం, ఓడలో తిరిగొస్తూ.

మొన్న చేపల కొట్లో కొత్త కుర్రాడు
"మీ అమ్మగారికి ముళ్లు తీసివ్వనా?" అన్నాడు.
నేను నోరు తెరిచేలోగా
"తియ్యి నాయనా, మావాడికి చేతకాదు" అంది.
బయటికొచ్చి గోడ పట్టుకుని
ఒకటే నవ్వు.
నాకు నవ్వు రాలేదు.

ఈ రాత్రి నా జుట్టు కత్తిరిస్తూ అడిగింది:
"ఆర్నెల్లు పైన తిరిగొచ్చినవాళ్లకి
వయసు ఎంత మిగులుతుంది?"
"సెకనులో వెయ్యో వంతులు, ఓ ఐదు."
"రెప్పపాటంత?"
"రెప్ప సగం వాలకముందే అయిపోతుంది."
"ఆకాశం మరీ పిసినారిది.
పోనీ పెద్ద ఓడయితే? వెలుగుని తరుముకుంటూ పోయేది?"
"నీకు ఏడాది. నాకిక్కడ ముప్పై."

కత్తెర ఆగింది.
ఈ దీవి కమ్మరి చేసింది, మా నాన్నమ్మది,
ఆగాక కూడా చిన్నగా మోగుతుంది.

"నాకు దొరికేది ఆ ఏడాదే కదా.
ఏడాదికి సరిపడా అన్నం, ఏడాదికి సరిపడా నొప్పి.
అంటే నన్ను ఆపడం కాదన్నమాట,
నిన్ను ముసలాణ్ణి చేసి నా పక్కన కూర్చోబెట్టడం.
దానికి అంత మంటెందుకురా!"

లెక్క తప్పని చెబుదామనుకున్నాను.
లెక్క సరిగ్గానే ఉంది.

ఎడమ చెవి పైన దువ్వెన నిలిచిపోయింది.
వేలితో పాయలు తీసి
శుక్లాలు తీసిన కళ్లు దగ్గరికి తెచ్చి
"ఒకటుంది" అంది.
పీకేస్తుందనుకున్నాను.
చుట్టూ ఉన్న నల్లవి కత్తిరించి
దాన్ని మాత్రం అలాగే వదిలేసింది.

"బయల్దేరావన్నమాట.
మెల్లగానే రా.
కదలకు, ఈ పక్క ఇంకా ఉంది."