రెండూ నలభైకి ఒక ఎత్తు

పుంటా అరెనాస్‌లో గాలికి జాలి లేదు.
వీధి మలుపుల్లో తాళ్లు కడతారు, పట్టుకుని నడవమని.
నేను పట్టుకునే తాళ్లు వేరు:
జలసంధి అడుగున, మంచుకొండల చాటున
వెంట్రుకంత గాజు పోగులు.
ముడి ముడికీ కాపలాగా ఒక చిన్న ప్రోగ్రాం.
ఏజెంట్లు అని మాన్యువల్లో ఉంటుంది.
మిర్కో మాత్రం "మన కుర్రాళ్లు" అంటాడు.

ఒకప్పుడు లింకు తెగితే నా ఫోను మోగేది,
నిద్రకళ్లతో దారులు మళ్లించేదాన్ని.
ఇప్పుడు వాళ్లే పక్కవాణ్ణి అడుగుతారు
నీ దగ్గర చోటుందా, ఎంత, ఎప్పటిదాకా అని.
బేరం కుదిరేసరికి
నా కాఫీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంటుంది.

ఒక్క విషయంలో వాళ్ల మాట కాదనేదాన్ని.
తుఫాను రాత్రి అన్నీ ఇరుకైనప్పుడు
ముందు ఆసుపత్రి, తర్వాత ఓడరేవు, ఆపైన బ్యాంకు,
చిట్టచివర ఎక్కడో
దీపస్తంభం నుంచి వచ్చే పిసరంత డేటా.
రెండూ నలభైకి దాన్ని చేత్తో ముందుకు తోసేదాన్ని.
అది చదరంగం.
దీపం కాపరి కార్కమో,
పోర్వెనీర్‌లో పిండి కలపడానికి ఆ వేళకే లేచే
బేకరీ ముసలాయన దోన్ హసింతో,
రాత్రికి చెరో ఎత్తు.
నాకెలా తెలుసంటే, ఆ రొట్టెలు తిని పెరిగినదాన్ని.
ఆయన గుర్రం పోయిన తెల్లారి
ఊరంతటికీ మాడిన రొట్టె.

మూడు చలికాలాలు తోశాను.
నాలుగోదాంట్లో నాకు జ్వరం.
తిరిగొచ్చి లాగ్ చూస్తే
రెండూ ముప్పై తొమ్మిదికే సన్నటి దారి తెరిచి ఉంది.
ఎవరూ చెప్పలేదు, ఏ రూల్లోనూ లేదు.
నా చేతివాటం కుర్రాళ్లకు పట్టుబడింది.

ఆగస్టులో దోన్ హసింతో పోయాడు.
ఏజెంటుకు చావు తెలీదు, వాడకం తెలుసు.
దారి తెరిచింది. ఎవరూ రాలేదు.
మర్నాడూ తెరిచింది, కాస్త సన్నగా.
తెర మీద ఓ అంకె తరుగుతూ వచ్చింది
సున్నా పాయింట్ తొమ్మిది, ఏడు, నాలుగు.
మరపు కూడా మేం రాసిన సూత్రమే,
పాత అలవాటు కొత్త దారికి అడ్డు రాకూడదని.
సూత్రం సరైనదే. దాని కింద సంతకం నాదే.
కీ మీద వేలు పెట్టి
తీసేశాను.

పన్నెండో రాత్రి. అంకె అడుగంటింది.
గాలి గంటకు నూట ఇరవై.
రెండూ నలభై ఒకటికి, నిమిషం ఆలస్యంగా,
దీపస్తంభం నుంచి
అరవై నాలుగు బైట్లు.
బోర్డు మీద గడులన్ని.
వంతు ముసలాయనది. అయినా కదిపాడు.
ఏ పావో, ఎటో, నాకు కనపడదు.
బేకరీలో డబ్బా ఎవరూ ఆపలేదేమో,
అందింది అని బదులిచ్చింది.

అంకె లేచింది.
కుర్రాళ్లు దారి ఓ పిసరు వెడల్పు చేశారు.

పొద్దున్నే మిర్కో వచ్చి రిపోర్టు అడిగాడు.
విశేషాలు అన్న చోట
గాలి
అని రాసిచ్చాను.