ఉప్పుకుప్ప దగ్గర మాల్యాద్రి

ఇసకపల్లి ఉప్పుకయ్యల్లో
కుప్పనానుకుని కూచోబోతే
"లెయ్ అక్కణ్ణించి" అన్నాడు మాల్యాద్రి.

పారతో అంచు చెక్కి చూపించాడు:
పైన మూడేళ్ల మందాన ఎండకు బిగిసిన పెచ్చు,
కింద ఒకదానికొకటి అంటుకోని పలుకులు.
"మంచైనా ఇంతే.
పైది గట్టిగుందని నమ్మామా, పోయామే."

పదకొండేళ్లు మంచుకొండల్లో కాపలా.
పొద్దెక్కాక వాలు దాటకూడదంట,
ఒకరెనక ఒకరు, ఎడంగా నడవాలంట.
కొండ ఊపిరి వదిలినట్టు
కాలికింద గుప్పుమంటే
ఇక మాటల్లేవంట.

నువ్విన్నావా ఆ చప్పుడు, అంటే
చెవిలో ఉప్పు దులుపుకున్నాడు.

సాయంత్రం లారీకెత్తుతుంటే
కుప్ప ఒక పక్క జారింది.
మోకాలెత్తు కూడా లేదు. మేం నవ్వాం.
అతను మాత్రం పార దూరంగా విసిరేసి
వట్టి చేతుల్తో తవ్వుతున్నాడు,
మమ్మల్ని పేరుపేరునా పిలుస్తూ,
మధ్యలో
మాలో ఎవరిదీ కాని పేరొకటి.